ఓడల రేవులో ఛార్జర్ల సంత

నావికుల సంచుల్లోంచి దిగిన విదేశీ సరుకుకు ఒకప్పుడు పేరుపడిన కోల్‌కతా వాట్‌గంజ్ పరిసరాల్లో ఇప్పుడు వంద రూపాయల కేబుల్‌దే రాజ్యం. ఆ కేబుల్ వెనక రెండున్నర శతాబ్దాల రేవు చరిత్ర, ఢిల్లీలో మారుతూ వచ్చిన సుంకాల విధానం, కొంత ప్రమాదం కూడా ఉన్నాయి.

హేస్టింగ్స్ దాటి టాలీ నాలా మీది వంతెన ఎక్కి దిగగానే కోల్‌కతా మరో ఊరిలా కనిపిస్తుంది. మైదాన్ పచ్చదనం, విక్టోరియా మెమోరియల్ తెల్లదనం వెనకబడిపోతాయి. ఎదురుగా రేవుకు వెళ్లే లారీలు, రంగు వెలిసిన పాతకాలపు మేడలు, మసీదు మినార్లు, బిర్యానీ డేగిశాలు, వీటన్నిటి మధ్య ఇరుకుగా సర్దుకున్న దుకాణాలు. వాట్‌గంజ్ ఎక్కడ ముగుస్తుందో, ఖిదిర్‌పూర్ ఎక్కడ మొదలవుతుందో కొత్తవారికి అంతుబట్టదు. పాతవారికి ఆ సంగతి పట్టదు.

కార్ల్ మార్క్స్ సరణి పేరుతో సాగే ప్రధాన రహదారి మీదనే ఫ్యాన్సీ మార్కెట్ ఉంది. పెట్టుబడిదారీ వ్యవస్థను దుమ్మెత్తిపోసిన మహానుభావుడి పేరున్న వీధిలో దేశంలోని పేరుమోసిన విదేశీ వస్తువుల బజార్లలో ఒకటి వెలిసిందని కోల్‌కతా జనం చాలాకాలంగా నవ్వుకుంటున్నారు. ఆ బజారు చుట్టూ గొలుసుకట్టుగా అల్లుకున్న చిన్న చిన్న కొట్లలో, తోపుడు బళ్ల మీద, గొడుగుల కింద పరిచిన పట్టాల మీద ఛార్జర్లు, డేటా కేబుళ్లు, ఇయర్‌ఫోన్లు, మౌస్‌లు, పెన్‌డ్రైవ్‌లు, ఫోను కవర్లు, టెంపర్డ్ గ్లాసులు గుట్టలు పడి ఉంటాయి. "దాదా, కొతో?" అని బెంగాలీలో అడిగితే జవాబు హిందీలోనో ఉర్దూలోనో వస్తుంది. బేరం మాత్రం అన్ని భాషల్లోనూ ఒకేలా నడుస్తుంది.

తెలుగు పాఠకులకు ఇది బొత్తిగా పరాయి దృశ్యమేమీ కాదు. హైదరాబాద్ ఆబిడ్స్‌లో జగదీశ్ మార్కెట్, కోఠీలో గుజరాతీ గల్లీ, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, చెన్నైలో బర్మా బజార్, రిచీ స్ట్రీట్ చూసినవారికి ఈ సందడి పరిచితమే. కాకపోతే ఆ బజార్లలో చాలావాటికి లేని వంశవృక్షం వాట్‌గంజ్‌కు ఉంది. ఇది రేవు కన్న బజారు.

వాట్సన్ పేరు మీద

వాట్‌గంజ్ అంటే వాట్సన్ గంజ్. ఈస్టిండియా కంపెనీ సైన్యంలో బెంగాల్ చీఫ్ ఇంజనీరుగా పనిచేసిన కల్నల్ హెన్రీ వాట్సన్ 18వ శతాబ్దం చివర్లో ఇక్కడ ఓడలు కట్టే రేవును తలపెట్టాడు. ఆ రేవులో తయారైన 'నాన్‌సచ్' అనే నౌక 1781లో నీళ్లలోకి దిగింది. వాట్సన్‌కు చరిత్రలో మరో చిన్న పాత్ర కూడా దక్కింది. 1780 ఆగస్టులో గవర్నర్ జనరల్ వారన్ హేస్టింగ్స్, ఆయన మండలి సభ్యుడు ఫిలిప్ ఫ్రాన్సిస్ అలీపూర్‌లో పిస్తోళ్లతో ద్వంద్వయుద్ధానికి దిగినప్పుడు ఫ్రాన్సిస్ పక్షాన సాక్షిగా నిలబడింది ఈ వాట్సనే. తూటా తగిలింది ఫ్రాన్సిస్‌కు. ప్రాణం మాత్రం దక్కింది.

వాట్సన్ కల పూర్తిగా పండలేదు. 1786లో ఆయన ఇంగ్లండ్ వెళ్లిపోయి ఆ ఏడాదే కన్నుమూశాడు. తర్వాత ఖిదిర్‌పూర్‌లో ఓడల నిర్మాణాన్ని కిడ్ సోదరులు అందుకున్నారు. 1870లో కలకత్తా రేవు ఒక కమిషన్ పాలనలోకి వచ్చింది. 1892లో ఖిదిర్‌పూర్ డాక్, ఆ తర్వాత కింగ్ జార్జ్ డాక్ ప్రారంభమయ్యాయి. రెండోది ఇప్పుడు నేతాజీ సుభాష్ డాక్. మొత్తం రేవు 2020 నుంచి శ్యామాప్రసాద్ ముఖర్జీ పేరుతో ఉంది.

ఈ ఒడ్డు నుంచి సరుకే కాదు, మనుషులూ ఎగుమతి అయ్యారు. చెరకు తోటల్లో పనికి ఒప్పంద కూలీలను తీసుకుని 'లల్లా రూఖ్' అనే ఓడ 1873 ఫిబ్రవరి 26న కలకత్తా నుంచి సూరినామ్‌కు బయల్దేరింది. ఆ వలసకు గుర్తుగా 2011లో ఖిదిర్‌పూర్ నదీతీరాన ఒక స్మారకం వెలిసింది. అవతలి మెటియాబ్రుజ్‌లో అవధ్ చివరి నవాబు వాజిద్ అలీ షా 1856 నుంచి 1887లో మరణించేదాకా ప్రవాస జీవితం గడిపాడు. రంగలాల్, మైకేల్ మధుసూదన్, హేమచంద్ర అనే ముగ్గురు కవులతో ముడిపడిన ప్రాంతం కాబట్టి ఇక్కడ కవితీర్థ సరణి అనే వీధి కూడా ఉంది. కలకత్తాలో తొలి విద్యుత్ ట్రాం 1902 మార్చి 27న ఎస్‌ప్లనేడ్ నుంచి బయల్దేరి వచ్చింది ఖిదిర్‌పూర్‌కే. మైదాన్ చెట్ల నీడన సాగే ఆ ట్రాం మార్గం 2020 మే నెలలో ఆంఫన్ తుపానుకు దెబ్బతిని ఆగిపోయింది.

ఆంధ్రులకూ ఈ దారితో ఒక సంబంధం ఉంది. ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం ఖిదిర్‌పూర్‌ను ఆనుకునే ఉన్న గార్డెన్‌రీచ్‌లో ఉంది. 2003లో తూర్పు కోస్తా రైల్వే పూర్తిస్థాయిలో ఏర్పడేదాకా విశాఖపట్నం కేంద్రంగా ఉన్న వాల్తేరు డివిజన్ ఆగ్నేయ రైల్వేలోనిదే. ఆ రోజుల్లో వాల్తేరు రైల్వే ఉద్యోగులకు పై ఆఫీసంటే గార్డెన్‌రీచే. ఎస్‌ప్లనేడ్ వైపు నుంచి అక్కడికి వెళ్లేవారికి ఖిదిర్‌పూర్ బజారు దారిలోనే తగులుతుంది.

నిషేధం ఇచ్చిన లాభం

రేవు పక్కన విదేశీ వస్తువుల బజారు పుట్టడంలో వింత లేదు. స్వాతంత్ర్యం తర్వాత నాలుగు దశాబ్దాలపాటు భారతదేశం దిగుమతుల విషయంలో తలుపులు బిగించుకుని కూర్చుంది. చేతి గడియారం, ట్రాన్సిస్టర్, టేప్ రికార్డర్, నైలాన్ చీర వంటివాటికి లైసెన్సులు, భారీ సుంకాలు అడ్డం. దేశంలో దొరకనిదానికి గిరాకీ ఎక్కువ. ఓడ దిగిన నావికుడి సంచిలో రెండు గడియారాలు అదనంగా ఉంటే వాటికి రేవు గేటు బయటే కొనుగోలుదారులు సిద్ధం. ఈ దొంగ వ్యాపారాన్ని అరికట్టడానికి ప్రభుత్వం 1969లో కస్టమ్స్ చట్టానికి ఒక ప్రత్యేక అధ్యాయాన్నే చేర్చి, నోటిఫై చేసిన విదేశీ వస్తువులకు లెక్కలు చూపాల్సిన బాధ్యతను వాటిని ఉంచుకున్నవారి మీద పెట్టింది. అయినా వ్యాపారం ఆగలేదు. నిషేధం ఎంత గట్టిదైతే లాభం అంత తీపి.

బజారును మార్చింది పోలీసుల దాడులు కాదు, ఆర్థిక విధానం. 1991లో మొదలైన సరళీకరణ మెల్లగా వినిమయ వస్తువుల దాకా వచ్చింది. ప్రపంచ వాణిజ్య సంస్థలో అమెరికాతో వివాదంలో ఓడిన తర్వాత భారత్ 2001 ఏప్రిల్ 1న చివరి 715 రకాల సరుకులపై పరిమాణ ఆంక్షలను ఎత్తివేసింది. ఎవరైనా లైసెన్సు లేకుండానే చైనా నుంచి కంటైనర్ తెప్పించుకోవచ్చు. ఇక నావికుడి సంచి ఎవరికి కావాలి?

కంప్యూటర్ సరుకు కథ ఇంకా ముందే మలుపు తిరిగింది. 1997లో భారత్ సంతకం చేసిన సమాచార సాంకేతిక ఒప్పందం ప్రకారం కంప్యూటర్లు, వాటి విడిభాగాలపై దిగుమతి సుంకాన్ని 2005 నాటికి సున్నాకు తేవాలి. దాంతో ఒకప్పుడు వందల్లో పలికిన మౌస్, కీబోర్డులు ప్లాట్‌ఫారం మీద పెన్నుల్లా పరుచుకున్నాయి. గుండ్రటి బంతి ఉన్న మౌస్‌ను విప్పి, బంతికి అంటిన మురికిని గోటితో గీకి మళ్లీ బిగించే ఇంటర్నెట్ కేఫ్ రోజులు ఒక తరానికి గుర్తుండే ఉంటాయి. ఆప్టికల్ మౌస్ చౌక కాగానే ఆ గోటి పని పోయింది. కోల్‌కతాలో కంప్యూటర్ సరుకుకు ప్రధాన కేంద్రంగా చాందినీ చౌక్ ఎదిగింది. విదేశీ సరుకన్న పాత పేరు ఆసరాతో ఖిదిర్‌పూర్ బజారు చౌక సరుకులో తన వాటా తాను దక్కించుకుంది.

తర్వాత మొబైల్ ఫోన్ల వంతు. షెంజెన్ నగరంలోని హువాచియాంగ్‌బే మార్కెట్ నుంచి పేరులేని ఫోన్లు వరదలా వచ్చాయి. రెండు సిమ్‌లు, చెవులు చిల్లులు పడే స్పీకర్లు వాటి ప్రత్యేకత. వాటిలో చాలావాటికి ఐఎంఈఐ సంఖ్య లేకపోవడంతో భద్రతా కారణాలు చూపి 2009 డిసెంబర్ 1 నుంచి అలాంటి ఫోన్లకు సేవలు నిలిపేయించారు. ఫోన్ల జోరు తగ్గినా వాటి తోకల్లాంటి ఛార్జర్లు, కేబుళ్లు, ఇయర్‌ఫోన్లు నిలదొక్కుకున్నాయి. ఫోనుకు సంఖ్య అడిగినవారు కేబుల్‌ను ఏమీ అడగలేదు మరి.

సంతలో బేరం

ఈ సరుకుకు తనదైన పరిభాష ఉంది. 'ఒరిజినల్' అంటే పెద్ద కంపెనీ బిల్లుతో అమ్మేది. 'ఫస్ట్ కాపీ' అంటే చూపుకు అచ్చం అలాగే ఉండి ధరలో పదో వంతో, ఐదో వంతో పలికేది. 'లోకల్' అంటే ఎవరి పేరూ లేనిది, లేదా అసలు పేరులో ఒక అక్షరం మార్చుకున్నది. అమ్మేవాడు ఈ మూడింటిని దాచడు. ఏది కావాలో చెప్పమంటాడు. గ్యారంటీ అడిగితే 'చెకింగ్ వారంటీ' అంటాడు. కొట్టు ముందు పెట్టి చూసుకోండి, పనిచేస్తే తీసుకెళ్లండి, కొట్టు దాటితే మీ అదృష్టం అని దాని అర్థం.

కొనేవారికీ తమ పరీక్షలు ఉన్నాయి. ఛార్జర్‌ను అరచేతిలో పెట్టి బరువు చూడటం, కేబుల్‌ను వేలికి చుట్టి మందం చూడటం, ఇయర్‌ఫోన్‌లో కుడి ఎడమలు రెండూ పలుకుతున్నాయా అని వినడం, టెంపర్డ్ గ్లాసును వెలుతురుకెత్తి చూడటం. ఈ పరీక్షల్లో కొన్నిటికే అర్థం ఉంది. బరువు కోసం ఛార్జర్‌లో పనికిరాని లోహపు ముక్కను ఇరికించడం అసాధ్యమేమీ కాదు. గ్లాసు మీద రాసి ఉండే '9హెచ్' పెన్సిళ్ల గట్టిదనాన్ని కొలిచే కొలమానానికి చెందింది. వజ్రానికి 10 ఇచ్చే ఖనిజాల కొలమానంలోని 9 అనుకుని మురిసిపోయేవారే ఎక్కువ. నిజానికి మామూలు ఇసుక రేణువు ఆ గ్లాసు మీద గీత పెట్టగలదు.

అన్నిటికంటే తెలివైన మోసం పెన్‌డ్రైవ్‌లో ఉంటుంది. లోపల ఉన్నది 8 జీబీ చిప్ అయినా, దాన్ని నడిపే కంట్రోలర్‌కు 512 జీబీ అని చెప్పమని నేర్పుతారు. కంప్యూటర్‌కు పెట్టగానే తెర మీద 512 కనిపిస్తుంది. చెకింగ్ వారంటీ గెలిచినట్టే. ఫైళ్లు ఎక్కించినా పేర్లన్నీ చక్కగా కనిపిస్తాయి. అసలు సామర్థ్యం దాటాక కొత్త ఫైళ్లు పాతవాటి మీద పడుతూనో, గాలిలో కలుస్తూనో ఉంటాయి. ఆ సంగతి పెళ్లి ఫొటోలు తెరిచి చూసుకున్న రోజున కానీ బయటపడదు. దాని నిండా డేటా రాసి, తిరిగి చదివి పోల్చి చూసే ఉచిత ప్రోగ్రాములు ఉన్నాయి. సంతలో అంత తీరిక ఎవరికుంటుంది?

పవర్ బ్యాంక్ మీద రాసే అంకె సంగతి వేరు. అది కొంత అబద్ధం, కొంత లెక్కల తికమక. 10,000 ఎంఏహెచ్ అన్నది లోపలి సెల్ 3.7 వోల్టుల దగ్గర ఇచ్చే సామర్థ్యం. దాన్ని 5 వోల్టులకు మారిస్తే 7,400 అవుతుంది. మార్పిడిలో పోయేది పోగా నికరంగా ఫోనుకు చేరేది ఇంకా తక్కువ. నిజాయితీగా తయారైనదాని గతే ఇది. సంతలోని 'ఇరవై వేలు', 'ముప్పై వేలు' అంకెలను ఎవరూ తూచి చూడరు.

తీగలోని లెక్క

చౌక కేబుల్ మీద జనం చేసే ఫిర్యాదులు రెండే. ఒకటి, ఛార్జింగ్ నెమ్మదిగా ఎక్కుతుంది. రెండు, మెడ దగ్గర విరిగిపోతుంది. రెండింటికీ కారణం రాగిని ఆదా చేయడమే. 28 గేజ్ రాగి తీగ మీటరుకు సుమారు 0.21 ఓమ్‌ల నిరోధం చూపుతుంది. కరెంటు వెళ్లి రావాలి కాబట్టి మీటరు కేబుల్‌లో అది 0.43 దాకా అవుతుంది. 2 ఆంపియర్లు పంపితే 0.85 వోల్టు దారిలోనే వేడిగా ఖర్చయిపోతుంది. ఛార్జర్ 5 వోల్టులు ఇస్తే ఫోనుకు చేరేది 4.15. తక్కువ వోల్టేజీని పసిగట్టిన ఫోను కరెంటు తీసుకోవడం తగ్గించుకుంటుంది. రెండు గంటల పని ఐదు గంటలు పడుతుంది. అదే 24 గేజ్ తీగ అయితే నష్టం 0.34 వోల్టే. రాగికి బదులు రాగిపూత పూసిన అల్యూమినియం వాడితే పరిస్థితి మరింత హీనం. పైన నైలాన్ అల్లిక ఎంత అందంగా ఉన్నా లోపలి తీగ మందం కంటికి కనబడదు.

కొత్తగా వచ్చిన టైప్-సి కేబుల్ ఇంకాస్త సూక్ష్మమైనది. పాత తరహా ఛార్జర్‌కు కలిపే టైప్-సి కేబుల్‌లో 56 కిలో ఓమ్‌ల చిన్న రెసిస్టర్ ఒకటి ఉండాలి. అవతలి ఛార్జర్ ఎంత ఇవ్వగలదో ఫోనుకు చెప్పేది అదే. దాని బదులు తప్పుడు విలువ రెసిస్టర్ పెడితే ఫోను శక్తికి మించి లాగి ఛార్జర్‌నో కంప్యూటర్ పోర్టునో కాల్చేయగలదు. గూగుల్ ఇంజనీర్ బెన్సన్ లెంగ్ 2015 చివర్లో ఆన్‌లైన్‌లో దొరికే కేబుళ్లను ఒక్కొక్కటిగా కొని పరీక్షించి ఫలితాలు ప్రకటించడం మొదలుపెట్టారు. 2016 ఫిబ్రవరిలో తీగలు తారుమారుగా అతికించిన ఒక కేబుల్ ఆయన ల్యాప్‌టాప్‌నే పాడుచేసింది. నాసిరకం సరుకు ఖిదిర్‌పూర్ ఫుట్‌పాత్‌కే పరిమితం కాదని, అద్దాల్లాంటి వెబ్‌సైట్లలోనూ అదే సరుకు తిరుగుతుందని అప్పుడు లోకానికి తెలిసింది.

ప్రాణం మీదికి వచ్చేది

కేబుల్ మోసం చేస్తే పోయేది సమయం, డబ్బు. ఛార్జర్ మోసం చేస్తే పోయేది ప్రాణం. గోడలోని 230 వోల్టులకు, చేతిలోని 5 వోల్టులకు మధ్య నిలబడే గోడ ఛార్జరే. అధిక వోల్టేజీ ఉన్న భాగానికి, తక్కువ వోల్టేజీ ఉన్న భాగానికి మధ్య సర్క్యూట్ బోర్డు మీద కొన్ని మిల్లీమీటర్ల ఖాళీ తప్పనిసరిగా వదలాలి. ట్రాన్స్‌ఫార్మర్ చుట్టల మధ్య ఇన్సులేషన్ పొరలు వేయాలి. రెండు వైపులనూ కలిపే చోట పాడైనా షార్ట్ కాని ప్రత్యేక తరహా కెపాసిటర్ వాడాలి. చౌక ఛార్జర్‌లో ముందుగా కోత పడేది వీటికే. అవి లేకపోయినా ఫోను ఛార్జవుతుంది కనుక కొట్టు ముందు పరీక్షలో ఆ ఛార్జర్ పాసవుతుంది. తేమ పట్టిన వానాకాలపు రాత్రి, ఛార్జింగ్‌లో ఉన్న ఫోనును తడిచేత్తో అందుకున్నప్పుడు ఫెయిలవుతుంది.

ఇది ఊహ కాదు. నకిలీ యాపిల్ ఛార్జర్లు 400 పరీక్షించగా విద్యుత్ షాక్ నుంచి కాపాడేంత ఇన్సులేషన్ మూడింటికే ఉందని బ్రిటన్‌లోని ట్రేడింగ్ స్టాండర్డ్స్ అధికారులు 2016 డిసెంబర్‌లో వెల్లడించారు. పరీక్ష నిర్వహించింది యూఎల్ అనే అమెరికన్ భద్రతా సంస్థ.

భారత్‌లోనూ చట్టం లేకపోలేదు. ఎలక్ట్రానిక్ వస్తువులకు తప్పనిసరి రిజిస్ట్రేషన్ ఉత్తర్వు 2012లో వచ్చింది. తొలుత 15 రకాల వస్తువులతో మొదలై తర్వాత మొబైల్ ఫోన్లు, వాటి అడాప్టర్లు, బ్యాటరీలు, పవర్ బ్యాంకులు అందులో చేరాయి. గుర్తింపు పొందిన ప్రయోగశాలలో పరీక్ష నెగ్గిన వస్తువుకు 'ఆర్' అక్షరంతో మొదలయ్యే ఎనిమిదంకెల సంఖ్య ఇస్తారు. భారత ప్రమాణాల సంస్థ వారి 'బీఐఎస్ కేర్' యాప్‌లో ఆ సంఖ్య కొడితే తయారీదారు పేరు, వస్తువు వివరం కనిపించాలి. దిగుమతి చేసుకున్న ప్యాకెట్ మీద దిగుమతిదారు పేరు, చిరునామా, గరిష్ఠ చిల్లర ధర ఉండాలని 2011 నాటి తూనికలు, కొలతల నిబంధనలు చెబుతున్నాయి. తప్పుడు ట్రేడ్‌మార్కుతో సరుకు అమ్మితే 1999 చట్టం ప్రకారం మూడేళ్ల దాకా జైలు. 2020 జూలైలో అమలులోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం, వస్తువు వల్ల హాని జరిగితే తయారీదారుతోపాటు అమ్మిన వ్యక్తినీ బాధ్యుణ్ణి చేసింది.

ఇన్ని చట్టాలూ ఒక కాగితం ముక్క మీద ఆధారపడ్డాయి. అది బిల్లు. సంతలో లేనిది అదే.

తప్పని కొనుగోలు

ఇంత తెలిసీ జనం ఎందుకు కొంటారన్న ప్రశ్నకు జవాబు పేదరికం అని సరిపెట్టడం సులువు. అసలు సంగతి కాస్త వేరు. ఫోను ఇప్పుడు ఎవరి కోరిక మీదా ఆధారపడిన వస్తువు కాదు. కూలి డబ్బు యూపీఐలో పడుతుంది. ఉపకార వేతనం దరఖాస్తు ఫోనులోనే నింపాలి. సరుకులు చేరవేసే కుర్రాడికి ఫోను ఆగితే ఆ పూట తిండి ఆగుతుంది. 2020లో బడులు మూతబడ్డాక చదువు కూడా ఫోనులోకే వెళ్లింది. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 12వ తరగతి పిల్లలకు టాబ్లెట్లు ఇస్తామని ప్రకటించి, కావలసినన్ని బజారులో దొరక్క, 2021లో ఒక్కొక్కరి ఖాతాలో 10,000 రూపాయలు వేసింది. ఆ పథకం పేరు 'తరుణేర్ స్వప్న'. ఫోనుకు ప్రభుత్వం డబ్బిచ్చింది సరే. ఆరు నెలలకు దాని కేబుల్ విరిగితే ఇచ్చేవారెవరు?

కంపెనీలు ఈ అవసరాన్ని ఇంకాస్త పెంచాయి. పర్యావరణం పేరు చెప్పి యాపిల్ 2020 అక్టోబర్ నుంచి కొత్త ఫోన్ల పెట్టెల్లో ఛార్జర్ ఇవ్వడం మానేసింది. 2021 జనవరిలో శామ్‌సంగ్ తన ఖరీదైన ఫోన్లతో అదే బాట పట్టింది. పెట్టెలోంచి తీసేసిన ఛార్జర్‌ను కొనుగోలుదారు ఎక్కడో ఒకచోట కొనాలి. వేయి రూపాయల పైచిలుకు పెట్టలేనివాడికి సంతే దిక్కు.

ప్రభుత్వ విధానమూ ధరను పైకే నెట్టింది. దేశీయ తయారీని ప్రోత్సహించాలన్న లక్ష్యంతో 2016-17 నుంచి ఛార్జర్ల వంటి వాటిపై దిగుమతి సుంకాన్ని దశలవారీగా పెంచారు. 20 శాతానికి చేరిన సుంకాన్ని 2024 జూలై బడ్జెట్‌లో 15 శాతానికి తగ్గించారు. దానిమీద జీఎస్టీ 18 శాతం. పరీక్షల ఖర్చు అదనం. నిబంధనలన్నీ పాటించిన ఛార్జర్‌కూ, ఏదీ పాటించని ఛార్జర్‌కూ మధ్య ధరలో ఉన్న ఈ అంతరమే సంతకు ఊపిరి. 1970లలో గడియారం విషయంలో జరిగింది ఇదే. అప్పుడు నిషేధం ఇచ్చిన లాభాన్ని ఇప్పుడు సుంకం, పన్ను, పరీక్ష కలిసి ఇస్తున్నాయి.

ఆ విధానానికి ఫలితం లేదనీ అనలేం. దాని ఆనవాళ్లు తెలుగు నేల మీదే ఉన్నాయి. శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ 2015లో ఫోన్ల తయారీ మొదలుపెట్టింది. యాపిల్‌కు కేబుళ్లు సరఫరా చేసే ఫాక్స్‌లింక్ సంస్థ తిరుపతి జిల్లాలో ఫ్యాక్టరీ పెట్టింది. 2023 ఫిబ్రవరి 27న అక్కడ అగ్నిప్రమాదం జరిగి ఉత్పత్తి ఆగినప్పుడు ఆ వార్త అంతర్జాతీయ పత్రికలకెక్కింది. అంటే ఖిదిర్‌పూర్ సంతలో వంద రూపాయలకు నకలు దొరికే కేబుల్‌కు అసలు తిరుపతి పరిసరాల్లో తయారయ్యే రోజులు వచ్చాయన్నమాట. అసలు దేశీయమై, నకలు విదేశీయం కావడం ఫ్యాన్సీ మార్కెట్ పాత తరం ఊహించని మలుపు.

మాట మీద వ్యాపారం

సంతను దొంగల గుంపుగా చూపడం అన్యాయం. రోజూ అదే చోట కూర్చునే దుకాణదారుడికి పేరు పోతే బతుకు పోతుంది. ముఖం గుర్తున్న ఖాతాదారు తిరిగివస్తే రసీదు అడక్కుండానే కేబుల్ మార్చి ఇచ్చేవారు ఇలాంటి బజార్లన్నిటా కనిపిస్తారు. ఏ మాల్‌లోనూ దొరకని సేవ మరొకటి ఉంది. మరమ్మతు. చెవి దగ్గర తెగిన ఇయర్‌ఫోన్ తీగకు టంకం వేయడం, వదులైన ఛార్జింగ్ పోర్టులోంచి సూదితో దూది పీచు తీయడం, ఉబ్బిన బ్యాటరీని చూడగానే మార్చేయమని హెచ్చరించడం. సగం కేబుళ్లు కేబుల్ తప్పు వల్ల కాక పోర్టులో చేరిన చెత్త వల్ల చెడిపోయినట్టు కనిపిస్తాయని మరమ్మతు చేసే ప్రతి కుర్రాడికీ తెలుసు. కొత్తది అమ్మి లాభపడే బదులు సూదితో గీకి పది రూపాయలతో సరిపెట్టేవాడు దొరికితే ఆ కొట్టును గుర్తుపెట్టుకోవడం మంచిది.

ఆ కొట్ల భవిష్యత్తు మాత్రం కుదురుగా లేదు. ఆన్‌లైన్ అమ్మకాలు ఒకవైపు, 2016లో ఫోను కేబుల్‌తోనే మొదలై దేశమంతా పాకిన బోట్ వంటి దేశీ బ్రాండ్లు మరోవైపు ముసురుకున్నాయి. మధ్యతరగతి కొనుగోలుదారు మెల్లగా అటు జరుగుతున్నాడు. ఇరుకు బజార్లకు అగ్గి భయం కూడా ఉంది. 2025 జూన్ 16 తెల్లవారుజామున ఖిదిర్‌పూర్‌లోని ఆర్ఫన్‌గంజ్ మార్కెట్‌లో మంటలు లేచి వందలాది దుకాణాలు బూడిదయ్యాయి. సరుకు, అప్పు, ఖాతా పుస్తకాలు ఒకేచోట ఉండే వ్యాపారంలో ఒక రాత్రి చాలు.

బాగుచేసే మార్గం లేకపోలేదు. యూరోపియన్ యూనియన్ 2024 డిసెంబర్ 28 నుంచి కొత్త ఫోన్లన్నిటికీ టైప్-సి పోర్టును తప్పనిసరి చేసింది. భారత ప్రమాణాల సంస్థ 2023లోనే టైప్-సికి ప్రమాణాన్ని ప్రకటించింది. అన్ని ఫోన్లకూ ఒకే కేబుల్ సరిపోతే ఒక ఇంట్లో ఒక మంచి కేబుల్ చాలు. మూడు నాసిరకం కేబుళ్ల డబ్బుతో అది వస్తుంది. భద్రతా పరీక్ష నెగ్గిన రెండొందల రూపాయల ఛార్జర్ ఫుట్‌పాత్ మీద కూడా దొరికేలా చేయగలిగితే నకిలీకి గిరాకీ దానంతటదే పడిపోతుంది. 2001లో దిగుమతి ఆంక్షలు తొలగినప్పుడు దొంగ గడియారాలకు జరిగింది అదే. దాడులతో సాధ్యం కానిది ధరతో సాధ్యమైంది.

వెళ్లాలనుకుంటే

తెలుగు రాష్ట్రాల నుంచి సికింద్రాబాద్-హౌరా ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ నేరుగా హౌరా చేరుస్తుంది. విశాఖ, విజయవాడల మీదుగా వెళ్లే కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ 2022 నుంచి శాలిమార్ స్టేషన్‌లో ఆగుతోంది. అక్కడి నుంచి 1992లో ప్రారంభమైన విద్యాసాగర్ సేతు మీదుగా హుగ్లీ నది దాటితే హేస్టింగ్స్, ఆ వెంటనే వాట్‌గంజ్. జోకా వైపు నుంచి వచ్చే మెట్రో 2024 మార్చిలో మాజేర్‌హాట్ దాకా చేరింది. ఖిదిర్‌పూర్ మీదుగా ఎస్‌ప్లనేడ్‌కు దాన్ని పొడిగించాలన్నది ప్రణాళిక. పగటిపూట, తీరికగా, చిల్లర నోట్లతో వెళ్లడం మేలు. అడిగిన ధరలో సగం దగ్గర బేరం మొదలుపెట్టినా ఎవరూ నొచ్చుకోరు.

కవరు, స్టాండు, మౌస్, కీబోర్డు, మౌస్ ప్యాడ్ వంటివి నిశ్చింతగా కొనొచ్చు. అవి చెడిపోతే పోయేది వాటి ధరే. ఇయర్‌ఫోన్ అక్కడే విని తీసుకోవాలి. కేబుల్ కొనేముందు సొంత ఫోనుకు పెట్టి ఛార్జింగ్ వేగం చూసుకోవాలి. పెన్‌డ్రైవ్‌లో ముఖ్యమైనదేదీ దాచకూడదు. గోడకు తగిలించే ఛార్జర్, లోపల బ్యాటరీ ఉండే పవర్ బ్యాంక్ విషయంలో మాత్రం బేరమాడేముందు చదవాలి. ఆవగింజంత అక్షరాల్లో అచ్చయిన ఆ 'ఆర్' సంఖ్యను యాప్‌లో కొట్టి చూడటానికి అర నిమిషం పడుతుంది. సంఖ్య లేకపోయినా, యాప్‌లో మరో కంపెనీ పేరు కనిపించినా ఎంత చౌకకు వచ్చినా దాన్ని అక్కడే వదిలేయాలి.